నూట ఇరవై ఒక్క కిలోలు

ఆ లావుపాటి మనిషి గుమ్మంలో నిలబడేసరికి చిన్‌ఫా సైకిళ్ళ కొట్లో వెలుతురు సగం తగ్గింది.

టీ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు కప్పులు దించి చూశారు.

"కొండ సైకిల్‌కి హ్యాండిల్ కావాలండీ. అదిగో, ఆ నల్లది," అన్నాడాయన.

చిన్‌ఫా ఆ కార్బన్ హ్యాండిల్ తీసి త్రాసు మీద పెట్టాడు. నూట నలభై గ్రాములు.

"తమరి బరువెంత?"

"నూట ఇరవై ఒక్క కిలోలు."

టీ బల్ల దగ్గర నవ్వులు.

"అన్నా, ఆయనకి సైకిలెందుకు? ట్రాక్టరు చూపించు!" అన్నాడు సూ.

సూ ఊరి చివర సైకిల్ సామాన్ల ఫ్యాక్టరీలో మేస్త్రీ. జేబు మీద ఫ్యాక్టరీ ముద్ర ఉన్న నీలం చొక్కా ఆదివారమైనా విప్పడు. ఆ నల్ల హ్యాండిల్ కూడా అక్కడ తయారైందే.

చిన్‌ఫా నవ్వలేదు. ఉన్నమాట చెప్పాలంటే, మా ఫెంగ్‌యువాన్ ఊరు మొత్తంలో సరుకు అంటగట్టని కొట్టువాడు అతనొక్కడే.

"నా మాట వినండి బాబూ. మీ బరువుకి చక్రాలు, హ్యాండిల్, సీటు గొట్టం దిట్టంగా ఉండాలి. బ్రేకు డిస్కులు పెద్దవి వేయించుకోండి. తేలికే కావాలంటే పెడళ్ళ దగ్గరో గేర్ల దగ్గరో తగ్గించుకోండి. అక్కడ ఏం విరిగినా ప్రాణం మీదికి రాదు. ఇది మాత్రం వద్దు."

"అక్షరాలా నిజం చెప్పారు," అన్నాడాయన. "అయినా నాకదే కావాలి. ఎన్నున్నాయి?"

"రెండు."

"రెండూ ఇచ్చేయండి."

"ఒకటి విరిగాక రెండోదా?" అని సూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రెట్టింపు ధర ఇస్తాను."

చిన్‌ఫాకి చిర్రెత్తుకొచ్చింది.

"డబ్బుకి ఆశపడి మనిషిని చంపమంటారా? అమ్మను గాక అమ్మను! సన్నటివాళ్ళకే ఇస్తాను. అంతెందుకు, మా అమ్మాయి నలభై ఏడు కిలోలు. వచ్చే పందేనికి దాని సైకిల్‌కే బిగిస్తాను."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ అమ్మాయికా? వద్దండీ."

"ఏం, ఎందుకొద్దు?"

ఆయన నోరు తెరిచాడు. సూ తొడుక్కున్న నీలం చొక్కా వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

చివరికి ఒక చీటీ మీద చిరునామా రాసిచ్చి, "మనసు మారితే కబురు చెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

చిన్‌ఫా కూతురు షూహాన్ కొట్టు ముందు సైకిల్ తుడుచుకుంటోంది. నల్ల హ్యాండిల్ బిగించేసింది కూడా.

ఆయన ఆపసోపాలు పడుతూ గొంతుక్కూర్చుని, నాణెం తీసి హ్యాండిల్ పొడవునా కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ అక్కడే కొట్టి చెవి ఆనించాడు.

"తల్లీ, ఇది తీసెయ్యమ్మా. ఇంకోటి, మంచిది, నేను కొనిస్తాను."

"ఏం బాబాయ్, నీకు దక్కలేదనా?" అని కిలకిలా నవ్విందా పిల్ల.

"ఎంతైనా నవ్వుకో. తీసెయ్ తల్లీ."

"మళ్ళీ దిగిందిరోయ్ ట్రాక్టరు!" లోపల్నుంచి సూ కేక.

చిన్‌ఫా బయటికొచ్చాడు.

"ఇదెక్కడి పీడండీ! పందేనికి పోయే పిల్ల సైకిల్ మీద మీ కళ్ళేమిటి? వెళ్ళండి."

ఆయన లేచాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నట్టే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఐదు నెలలు ఏమీ కాలేదు. షూహాన్ రెండు పందేలు గెలిచింది.

"లావు బాబాయ్ దిష్టి పనిచెయ్యలేదు నాన్నా," అనేది.

ఆరో నెలలో, దాకెంగ్ కొండ దిగుతుంటే, గుంత లేదు, రాయి లేదు, చదునైన దారిలో హ్యాండిల్ టప్పున రెండు ముక్కలైంది.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచి ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "నాన్నా, నా కాళ్ళెక్కడున్నాయి?"

దుప్పటి కింద ఆ కాళ్ళు పట్టుకునే కూర్చున్నాడు చిన్‌ఫా. పట్టుకున్నానని చెప్పలేకపోయాడు.

డాక్టర్లు "చూద్దాం" అన్నారు. మర్నాడూ అదే అన్నారు.

ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అతనిది. "ఆ పాపిష్టి కళ్ళే!" అనుకుంటూ విరిగిన ముక్కలు సంచీలో వేసుకుని, చీటీలో ఉన్న ఇంటికి పోయాడు.

ఆయన లేడు. భార్య తలుపు తీసింది. సంచీలోకి చూసి గుమ్మంలోనే చతికిలబడింది.

"ఎవరు పడ్డారు అన్నయ్యగారూ?"

"మా అమ్మాయి."

ఆమె లేచి వెనక గది తెరిచింది. నేల నుంచి కిటికీ దాకా నల్ల హ్యాండిళ్ళు. అన్నీ రంపంతో రెండుగా కోసినవే.

"నూట తొంభై ఏడు. రెండొందలు బయటికి పోయాయట. చియాయీ ఊళ్ళో ఒకటుందని తెలిసి పొద్దున్నే పోయారు. మిగతా రెండూ మీ కొట్లోవే."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"నోరు విప్పితే ఇల్లు జప్తు చేయిస్తామని ఫ్యాక్టరీవాళ్ళు సంతకం పెట్టించుకున్నారు. చెప్పలేక, ఊరుకోలేక చస్తున్నారాయన. అన్నయ్యగారూ, రెండోదుందా? ఇంకా మీ కొట్లోనే ఉందా?"

"అమ్మేశాను," అన్నాడు చిన్‌ఫా. "సన్నగా ఉన్నాడని ఒక కుర్రాడికి. పేరు కూడా అడగలేదు."

చిన్‌ఫా ఆ కోసిన ముక్కల వంక తిరిగాడు.

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. సూ జేబు మీది ముద్రే దాని మీదా ఉంది.

"ఈ హ్యాండిళ్ళలో గుల్ల ఉంది, నా కింద ఆరో రోజున విరిగింది, సన్నటివాళ్ళ కింద ఆరో నెలలో విరుగుతుంది, ఒక్కటి కూడా అమ్మకండి" అని అందులో రాసి, ఆ రాతతోనే ఉద్యోగం పోగొట్టుకున్నవాడు ఫాంగ్ క్వోషెంగ్, కొత్త సామాన్లు సైకిల్‌కి బిగించి, తొక్కి, విరుగుతాయో లేదో చూడ్డానికి ఆ బరువు చూసే ఫ్యాక్టరీ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి.