ఫిదెన్సియో పేరున్న డబ్బీ

"ఎండలో మాడి చచ్చేవాడికి ఎండ విటమిన్ మాత్రలా?"

ఒదీలియా పగలబడి నవ్వింది.

వాకిట్లో నిలబడ్డ మనిషి నవ్వలేదు. భుజాన ఐసుపెట్టె, చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ. ఊరంతా ఆమెను 'ఐసుపెట్టె' అనే పిలుస్తోంది. పేరు అడిగే ఓపిక ఎవరికీ లేదు.

"ఎండ మొక్కజొన్న గింజలిస్తుందమ్మా. రొట్టె కాల్చాల్సింది మాత్రం కిడ్నీ. పొయ్యి ఆరిపోయాక గింజలుండి ఏం లాభం? పట్నం ఆసుపత్రిలో మా డాక్టరమ్మ ఇచ్చే మాత్ర కాల్చిన రొట్టెలాంటిది."

"తింటే ఏమవుతుందట?"

"కిడ్నీకి కాపలా కాసే ప్రోటీన్ ఒకటుంటుంది. జబ్బు ముదిరేకొద్దీ అది తగ్గిపోతుంది. ఈ మాత్రతో మళ్ళీ పెరుగుతుందని డాక్టరమ్మ ఆశ. మీ ఆయన పొద్దున పోసిన ఉచ్చ ఇందులో పట్టివ్వండి, చాలు."

లోపల ఉయ్యాల మంచంలో ఆమె మొగుడు ఫిదెన్సియో అటు తిరిగి పడుకున్నాడు. తిన్న చిక్కుళ్ళు కడుపులో నిలవడం లేదు.

ఆ చెరకు సీమలో దాన్ని కిడ్నీ జబ్బు అనరు. దయ్యం పట్టిందన్నట్టు 'క్రియాటినిన్ పట్టింది' అంటారు. కోతకు ముందు మిల్లువాళ్ళు మూత్రం పరీక్ష చేస్తారు. పట్టినవాడి చేతికి కత్తి ఇవ్వరు.

"మిల్లుకు చెప్పవు కదూ?"

"మేరీమాత మీద ఒట్టు, చెప్పను."

"మిల్లు డాక్టరూ ఆవిడ మీదే ఒట్టేస్తాడు!"

మందు ఎర, మిల్లు గాలం. ఒదీలియా లెక్క అది. మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, ఫిదెన్సియో పేరున్న డబ్బీని తన ఉచ్చతో నింపింది. ఆమెకిది కొత్త పని కాదు. ఏటా మిల్లు పరీక్షకు అతని డబ్బీ నింపేదీ ఆమే. ఆ ఊళ్ళో సగంమంది ఇల్లాళ్ళకు అది పొయ్యి వెలిగించడం లాంటి పనే.

కొన్నాళ్ళకు ఐసుపెట్టె మళ్ళీ వచ్చింది.

"మీ ఆయన కిడ్నీలు నిక్షేపంలా ఉన్నాయట. మాత్రలు అక్కర్లేదన్నారు."

"నేను చెప్పలా? ఎద్దులాంటి మనిషి!"

సరిగ్గా అప్పుడే లోపల ఎద్దు భళ్ళున కక్కుకుంది.

"ఆ వాంతి ఎవరిదమ్మా?"

"తాగాడు, కక్కాడు. నీకెందుకు?"

"ఆ డబ్బీ ఆయనదేనా?" ఆమె గొంతు తగ్గించింది. "నాతో చెప్పు తల్లీ. ఎవరికీ తెలియనివ్వను."

దొరికిపోయినవాళ్ళకే నోరు ఎక్కువ.

"నా మొగుడి ఉచ్చ గోల నీకెందుకే, మిల్లు కుక్కా!"

అంట్లు కడిగిన నీళ్ళు ఎత్తి ఆమె ముఖాన కొట్టింది.

ఐసుపెట్టె ముఖం తుడుచుకుంది. ఇంకో ఖాళీ డబ్బీ తీసి గడప మీద పెట్టింది.

"మనసు మారితే ఇది ఆయన చేతికియ్యి. కోత మొదలయ్యేలోపు మళ్ళీ వస్తాను."

ఒదీలియా ఆ డబ్బీలో ఉప్పు పోసుకుంది.

అన్నట్టే మళ్ళీ వచ్చింది. ఈసారి ఒదీలియా కుక్కను వదిలింది. అది పిక్క పట్టుకుని ఈడ్చింది. పెట్టె ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. కంచెల మీదుగా చూస్తూ అమ్మలక్కలు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ఏడు ఊరికి అంతకు మించిన వినోదం లేదు.

ఆమె మళ్ళీ రాలేదు.

ఫిదెన్సియో మిల్లు పరీక్ష గెలిచాడు. కత్తి పట్టాడు. తొలివారంలోనే కాలిన చెరకు మోళ్ళ మధ్య బోర్లా పడ్డాడు.

పట్నం ఆసుపత్రిలో ఆ మాత్రల డాక్టరమ్మే అతని పరీక్షలు చూసి నోరు తెరిచింది.

"ఈయనవి నిక్షేపంలాంటి కిడ్నీలు కదమ్మా! రెండూ పోయాయేమిటి?"

ఒదీలియా కాళ్ళ మీద పడి అంతా చెప్పేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంది మరి.

"ఆ మాత్రలు ఇప్పుడైనా ఇవ్వండి తల్లీ!"

"ఇల్లు కాలిపోయాక కాపలావాడు ఎందుకమ్మా?"

ఏడ్చి ఏడ్చి చివరికి ఒదీలియాకు కోపం వచ్చింది.

"మీ ఐసుపెట్టె మనిషికి అనుమానం వచ్చింది కదా! జుట్టు పట్టుకుని నిజం చెప్పించాల్సింది! మొగుడి డబ్బీ నింపే ఆడదాని భయం ఆవిడకేం తెలుసు?"

డాక్టరమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టింది.

"ఆవిడ పేరు కాసిల్దా," అంది. "వాళ్ళాయనా చెరకే కోసేవాడు. ఆయన పోయేదాకా ఏటా మిల్లు పరీక్షకు ఆయన డబ్బీ నింపింది ఆవిడేనమ్మా."