కూజా మీది ఎర్ర చేమంతి

మా ఆవిడ పోయిన నెలకి, ఆమె ఫొటో పక్కన పెడదామని, మా తాతగారి నాటి జపాన్ పింగాణీ కూజాని జిడ్డు వదలాలని, పెయింట్లలో కలిపే థిన్నర్ అద్దిన దూదితో తుడుస్తున్నాను. కూజా మీదంతా చేమంతుల బొమ్మలే.

"ఆగు నాన్నా! ఆ ఎర్రది తుడవకు!" మా అమ్మాయి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

అప్పటికే దూది ఎర్రబడింది. పువ్వు సగం పోయి, కింద పెచ్చూడిన మచ్చ బయటపడింది.

"జపాన్ వాళ్ళ రంగు ఇలా పోతుందేమిటే?"

"అది అమ్మ వేసిన పువ్వు, గోళ్ళరంగుతో. చిన్నప్పుడు నేను బంతి విసిరితే పెచ్చూడింది. నువ్వు తిడతావని ఏడుస్తుంటే అమ్మ అప్పటికప్పుడు వేసేసింది."

ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నేను పిలిచి చూపించే పువ్వు అదే. "ఆ పనితనం చూడండి, మనవల్ల అవుతుందా!" అనేవాణ్ణి. ఆమె టీ కప్పులు అందిస్తూ నవ్వేది.

"మరి నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నేనూ అడిగాను. 'ఊరుకోవే, మీ నాన్న నన్ను ఇంతలా పొగడటం ఇంకెప్పుడు వింటాను?' అంది."

కూజాని ఫొటో పక్కనే పెట్టాం. అమ్మాయి గోళ్ళరంగు సీసా తెచ్చిచ్చింది. చెరిగిపోయిన సగం పువ్వు వెయ్యడానికి నాకింకా చెయ్యి రాలేదు.