పైకి లేచే పిన్ను

"నా చేతులు ఇంకా మణికట్టుకు అతుక్కుని ఉన్నాయంటే అది నా జాగ్రత్త. నీ బోర్డు చలవ మాత్రం కాదు," అన్నాడు తమ్ముడు, బావమరిదిని కరిచేలా చూస్తూ.

బావమరిది తల యంత్రం కింద ఉంది. కాగితాల కట్టలు కోసే యంత్రం అది. దాన్ని నడిపే పాత బోర్డు కాలిపోతే, తక్కువలో అయిపోతుందని అతనే కొత్తది తెచ్చి బిగించాడు. అప్పటి నుంచి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ఎవరూ నొక్కకుండానే కత్తి ఒక్క దెబ్బ దిగుతోంది. దానితో వేగి వేగి, కరెంటు పోతే చాలు, తమ్ముడి చేతులు రెండూ వాటంతటవే తలపైకి లేస్తాయి. కత్తి పడ్డాకే దిగుతాయి.

"ఇంట్లో ఫ్యాను ఆగినా అంతేనట. తింటున్న పళ్ళెం ముందు కూడా చేతులెత్తి కూర్చుంటాడట," అక్క నవ్వింది. అంతలోనే నవ్వు మానేసింది. "హాస్యం కాదురా. ఇవాళ ఇది బాగుపడకపోతే, షెడ్డు అమ్మేద్దామంటున్న అన్నయ్య వైపే నేనూ. నీ చేతులు పోయాక ఈ స్థలం ఏం చేసుకుంటాం?"

షెడ్డు కొనడానికి వచ్చినవాడు కాగితాల కట్ట మీద కూర్చుని బైకు తాళాలు గలగలలాడిస్తున్నాడు. ఆ చప్పుడుకి తమ్ముడికి ఒళ్ళు మండిపోతోంది. షెడ్డు పోతే ఈ వయసులో ఇంకొకడి కింద కూలికి నిలబడాలి.

"అసలు రోగమేంటో చెప్పి చావు," అన్నాడు.

"కరెంటు రాగానే బోర్డుకి మెలకువ వస్తుంది బావా. తన పనేంటో దానికి గుర్తు రావడానికి రెప్పపాటు పడుతుంది. ఆ రెప్పపాటులో, కత్తికి హుకుం పంపే ఈ పిన్ను ఎవరి మాటా వినదు. పుట్టుకతోనే పైకి లేచి ఉంటుంది. అది లేస్తే కత్తి దిగుతుంది. బిగించేటప్పుడు నేను చూసుకోలేదు."

"చూసుకోలేదట. ఎంత తేలిగ్గా అన్నాడో."

"ఇప్పుడు రెసిస్టరు పెట్టి కిందికి కట్టేశాగా. ఇక లేవదు. పెద్ద బావగారూ, ఆ మెయిన్ ఒకసారి తీసి వెయ్యండి."

గోడవారగా నిలబడ్డ అన్న మెయిన్ స్విచ్ లాగాడు. సగం దించిన షట్టరు లోపల చీకటి పడింది. తమ్ముడి చేతులు లేచాయి. అన్న మళ్ళీ స్విచ్ వేశాడు. లైటు వెలిగింది. కత్తి కదల్లేదు.

"ఇంకోసారి," అంది అక్క నమ్మకం కుదరక.

ఇంకోసారీ కదల్లేదు.

"దించు బావా," అన్నాడు బావమరిది. "చూసినవాళ్ళు నేనేదో నిన్ను దోచుకుంటున్నాననుకుంటారు."

తమ్ముడు చేతులు దించి, చొక్కాకి చెమట తుడుచుకున్నాడు. అక్క గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంకేం, అమ్మే మాటే లేదు."

కొనేవాడు లేచాడు. తమ్ముడు ఊరుకోలేకపోయాడు. రేపు మళ్ళీ ఇంకొకణ్ణి వెంటబెట్టుకొస్తాడు అన్న. ఇవాళే తెగిపోవాలి.

"కూర్చోండి, మీ ముందే తేలనివ్వండి. నాన్న పెట్టిన పద్ధతే అన్నయ్యా. ముగ్గురిలో ఇద్దరు చెయ్యెత్తితే మూడోవాళ్ళు నోరు మూసుకుని సంతకం పెట్టాల్సిందే. మాట మార్చేది లేదు."

"లేదా?" అన్నాడు అన్న.

"నా పిల్లల మీద ఒట్టు."

"మీరు విన్నారుగా," అన్నాడు అన్న కొనేవాడితో. తాపీగా తన కుడిచెయ్యి ఎత్తాడు. "అమ్మేద్దామనేవాళ్ళు చెయ్యెత్తండి."

అక్క చేతులు కట్టుకుంది. తమ్ముడు నడుం మీద చేతులు పెట్టుకుని, అన్న ఒంటరి చేతిని చూసి నవ్వాడు.

లైటు ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. కత్తి కదల్లేదు.

"మూడోసారీ పడలేదు బావా," మురిసిపోతూ యంత్రం కింద నుంచి తల బయటపెట్టాడు బావమరిది. అందరూ తమ్ముడి తలపైకి చూస్తున్నారు.

"ఒకటి చాలదని రెండూ ఎత్తాడు," అన్నాడు అన్న. ఆయన ఎడమచెయ్యి మెయిన్ స్విచ్ మీది నుంచి దిగేసరికి షెడ్డూ, దాని కింద మూడు వందల పన్నెండు గజాలూ పోయాయి.