పెద్దాయన సిగార్ల పెట్టె

“మళ్ళీ ఎండిపోయినయ్యే!” అంటూ నరసింహారావు మంచం మీద కూలబడ్డాడు.

చేతిలో నున్నటి చెక్కపెట్టె. అందులో పార్టీ పెద్దాయన విదేశీ సిగార్లు. పెట్టెలో తడి స్పాంజి తేమ లేకపోతే అవి పాడవుతాయి. వేలు తగిలితే చాలు, పైఆకు పొట్టులా రాలిపోతోంది.

“స్పాంజి సరిగ్గా తడిపారా?” అంది భార్య భార్గవి, మిరపకాయల తొడిమలు తీస్తూ.

“రోజూ తడుపుతూనే ఉన్నా. రాత్రి తేమ మీటరు బాగానే చూపిస్తది. సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి పడిపోద్ది. ఏం మాయరోగమో!”

పాదయాత్రకు పోతూ పెద్దాయన ఆ పెట్టె ఇతనికి అప్పగించాడు. “ఇది పాడవకుండా చూసుకుంటే మార్కెట్ యార్డు ఛైర్మన్ పదవి నీదే” అని నవ్వాడు. అది వేళాకోళమో నిజమో తెలియక నరసింహారావుకు కంటిమీద కునుకు లేదు.

హైదరాబాదు షాపుకు ఫోన్ చేశాడు. మూత బిగుతు చూడమన్నారు, చూశాడు. స్పాంజి మార్చాడు. మామూలు నీళ్ళు మానేసి బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళు పోశాడు. పెట్టెను పడగ్గదిలోంచి దేవుడి గదిలోకి మార్చాడు. ఏం చేసినా అంతే. తామర పురుగు పట్టిన మిరప తోటతో కూడా ఇంత విసిగిపోలేదు. తనమీద తనకే జాలేసింది.

“ఒరేయ్, అన్నం తినరా” అని తల్లి ఆదిలక్ష్మమ్మ పిలిచింది.

“నాకొద్దులేమ్మా.”

మర్నాడే, పాదయాత్ర ముగించుకున్న పెద్దాయన కారు వాకిట్లో ఆగింది. ఆయన పెట్టె తెరిచి ఒక సిగార్ తీశాడు. అది రెండు ముక్కలైంది. వాసన చూసి గట్టిగా తుమ్మాడు.

“ఏందయ్యా ఇది?”

నరసింహారావు రాలిన పొట్టును దోసిట్లోకి ఎత్తాడు. పదవి పోయినట్టే అనుకున్నాడు.

ఆదిలక్ష్మమ్మ గబగబా ముందుకొచ్చింది. “వాణ్ణేం అనబాకయ్యా. వాడేమో రోజూ తడిపి పెడతన్నాడు. బూజు పట్టుద్దని నాకు భయం. వాడు పొలం పోంగానే నేనే మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండబోసి, వాడొచ్చేలోపు సర్దుతన్నా. మీ సరుకు పాడైతే నా బిడ్డకు పదవి ఇస్తారా?”

నరసింహారావు తల పట్టుకున్నాడు.

పెద్దాయన ఇంకోసారి తుమ్మి, కళ్ళు తుడుచుకున్నాడు.

“యార్డు ఈసారి ఆడోళ్ళకు రిజర్వు చేశారయ్యా. మీ ఇంట్లో ఎవరి పేరు ఇవ్వాలో తేల్చుకుందామనే వచ్చా” అని ఆదిలక్ష్మమ్మ వైపు తిరిగాడు. “మిర్చి యార్డులో మా పెద్ద తలనొప్పే కాయల్లో తేమ. అమ్మా, మీ పూర్తి పేరేంది?”