ఎడంవైపు తబలా

"ఒక్క చెవికి కాదు నాన్నా, రెండు చెవులకీ పెట్టుకోవాలి" అంది వాసవి, ఇయర్‌ఫోన్స్ చేతిలో పట్టుకుని.

"ఎడం చెవికెందుకే, దండగ! చెవిటోడి ముందు శంఖం ఊదినట్టు" అన్నాడు చిట్టిబాబు.

చిట్టిబాబుకి ఎడం చెవి వినపడదని ఆ హిందీ ఊరి మిల్లు కాలనీ, సెక్టర్ టూలో అందరికీ తెలుసు. వినపడుతుందని చిట్టిబాబు ఒక్కడికే తెలుసు.

తాను పనిచేసే మిల్లు హోరుకి ఆ చెవి పోయిందని ఆయన పెళ్ళయిన కొత్తలోనే ఓ అబద్ధం ఆడేశాడు. దానికి కారణం హైమవతి. మంచం మీదైనా, భోజనాల దగ్గరైనా ఆవిడ ఆయనకి ఎడంపక్కనే చేరుతుంది. చేరి ఆడపడుచుని ఆడిపోసుకుంటుంది. విన్నట్టు తేలితే జవాబు చెప్పాలి, జవాబు చెబితే ఆ పూట అన్నం చల్లారినట్టే. వినపడని మొగుడికి ఆ బెడద లేదు. అలా హాయిగా సాగిపోతున్న సంసారానికి ఇప్పుడీ ప్లాస్టిక్ గింజలు ఎసరు పెట్టేలా ఉన్నాయి.

"అరే, ఫిట్టింగ్ చూడాలి కదా! రెండు జతలు తెప్పించాను. ఒకటి వాపస్ ఇచ్చెయ్యాలి. తీసుకెళ్ళేవాడు రాస్తాలో ఉన్నాడట. నువ్వు తబలా వాయిస్తావు, నీకు తెలుస్తుంది. ఏక్ బార్ నాన్నా, ప్లీజ్!"

తబలా పేరెత్తేసరికి చిట్టిబాబు మెత్తబడ్డాడు. సెక్టర్ భజన బృందంలో తబలా ఆయనదే మరి. కుడిచెయ్యి తల మీంచి తెచ్చి ఎడం చెవిని పైకి లాగి, ఎడంచేత్తో గింజని లోపలికి దూర్చి, వేలితో నొక్కి పట్టుకున్నాడు. రెండో చెవికీ అదే తంతు.

"యే క్యా హై? యోగానా?" వాసవి పకపకా నవ్వింది.

"మిల్లులో ప్లగ్గు ఇలాగే పెట్టుకోవాలి. సేఫ్టీవాళ్ళు నేర్పేరు. చెవి దారి తిన్నగా అవుద్ది" అని తల విదిలించి, దవడ ఆడించి చూశాడు. ఊడి రాలేదు.

వాసవి ఒక భజన పెట్టింది. చిట్టిబాబు కాసేపు విని మొహం ముడిచాడు.

"ఏటిది? అందర్నీ ఒకే గోనెసంచిలో కూచోబెట్టి పాడించినట్టుంది. దానికితోడు చెవి నొప్పెడతంది."

"ఏ చెవి?"

"కుడిదే! ఇంకేది నొప్పెడతాది?" అన్నాడు తడబడి.

రెండో జత కాస్త చిన్నది. రబ్బరు మెత్తగా వెళ్ళి కూచుంది. పాట మొదలైంది. చిట్టిబాబు కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. వేళ్ళు తొడ మీద తాళం అందుకున్నాయి. ఇల్లూ వాకిలీ, అబద్ధమూ నిజమూ, అన్నీ మర్చిపోయాడు.

"ఆహా! పాట నడిమధ్యన! హార్మోనియం కుడిపక్క! తబలా ఇదిగో, ఇటు ఎడంపక్క! అరచెయ్యి రాసింది కూడా వినపడతందే అమ్మా!"

చెవుల్లో పాట ఉన్నవాడికి తానెంత గట్టిగా అరుస్తున్నాడో తెలీదు. వంటింట్లో మిక్సీ ఆగిపోయింది.

ఆయన కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో హైమవతి నిలబడి ఉంది. వాసవి ఆయన కుడి చెవిలోది లాక్కుని తన చెవిలో పెట్టుకుని చూసింది.

"నాన్నా, ఇందులో తబలా హై హీ నహీ! లెఫ్ట్‌లో మాత్రమే వస్తోందన్నమాట. నీకెలా వినపడింది?"

చిట్టిబాబు నాలిక్కరుచుకున్నాడు. తన చెల్లెల్ని ఆవిడ అన్న మాటలు, భజనలో తాను గొంతు కలిపితే దున్నపోతు గొంతన్న మాట, అన్నీ ఇన్నేళ్ళూ ఈ మనిషి వింటూనే ఉన్నాడని తెలిస్తే హైమవతి ఇంట్లో ఉండనిస్తుందా?

"అదీ... అదురు... దవడ ఎముకలోంచి..."

"సచ్చీ బోలో నాన్నా! అమ్మా, నాన్నకి లెఫ్ట్ చెవి..."

"ఊరుకోవే!" అంది హైమవతి. "మిల్లులో చెవి పోయినోళ్ళకి అలాగే ఉంటాది. ఎముకలోంచి అదురు తెలుస్తాది. ఆయనకి ఆ చెవి వినపడదు. ఇన్నేళ్ళు కాపరం చేసినదాన్ని, నాకు తెలీదేటి?"

అంతలో బయట బెల్లు మోగింది. వాసవి మొదటి జత పెట్టె పట్టుకుని పరిగెత్తింది.

చిట్టిబాబు బతుకుజీవుడా అనుకున్నాడు. కానీ ఆ వెంటనే సిగ్గేసింది. పిచ్చి మనిషి, తన అబద్ధాన్ని ఎంతగా నమ్మింది! కూతురి ముందు తనని వెనకేసుకొచ్చింది కూడా. ఇంత మంచిదాన్నా తాను ఇన్నాళ్ళూ మోసం చేసింది? ఏమైతే అదవుతుందని గుండె చిక్కబట్టుకున్నాడు.

"హైమా, నిజం చెప్పేస్తున్నాను. నాకా చెవి..."

హైమవతి గబుక్కున ఆయన నోరు మూసింది. గుమ్మం వైపోసారి చూసి, వచ్చి ఎడంపక్కన కూచుంది. ఆ చెవిలో మిగిలినదాన్ని మెల్లిగా ఊడదీసి, నోరు దగ్గరగా పెట్టింది.

"కుడి చెవిలో చెప్పినవాటికల్లా వాదనే, ఒక్కటీ చేసిన పాపాన పోలేదు. ఈ చెవిలో గొణిగినవి మట్టుకు, కూలర్‌కి గడ్డి మార్చడం కాణ్ణుంచి పిల్లని రాయ్‌పూర్‌లో చదివించడం దాకా, కిక్కురుమనకుండా చేసుకొచ్చేరు. ఇన్నేళ్ళూ ఇల్లు ఈ చెవితోనే నడిపేను. ఇప్పుడు వినపడతాదని ఒప్పేసుకుంటే ఇంక నా గతేటండీ?"