మెరిసే కొక్కెం

“బావా, ఇందులో ఏది తీసుకోమంతావు?”

డానీ అడిగితే జాక్సన్ బల్ల మీదికి వంగి చూశాడు. ఓల్డ్‌టౌన్లో ఫక్రుద్దీన్ నడిపే గాలాల దుకాణం అది. బల్ల మీద పిడి ఉన్న రబ్బరు వల ఒకటి, చేప దవడ పట్టే పట్టకారు ఒకటి, కర్ర చివర బిగించిన కొక్కేలు రెండు పరిచి ఉన్నాయి. గాలానికి చేప పడటం ఒక ఎత్తు, దాన్ని నీళ్లలోంచి పైకి తీసుకోవడం ఇంకో ఎత్తు. అందులోనూ ఒక్క మనిషే కూర్చునే కయాక్ పడవలో, సముద్రం మీద.

“ఏ సేపకి?”

“వంజరానికే బావా.”

వంజరం పేరు వినగానే జాక్సన్ అరచేతి కట్టు కింద సలిపింది. తన వలను అల ఎత్తుకుపోయాక, కొత్తది కొంటే బావమరిదిని చూసి కొన్నాడంటారని అభిమానపడి మానేశాడు. పోయిన నెల కయాక్ పక్కదాకా వచ్చిన వంజరాన్ని ఉత్త చేత్తో పట్టబోతే, అది పళ్లతో చెయ్యి చీరేసి మరీ పోయింది. భార్య దీనా కట్టు కట్టి, “చూసుకోవాలి కదండీ” అని ఒక్క మాట అని ఊరుకుంది. అదే రోజు తమ్ముడు డానీ తెచ్చిన చేపను మాత్రం అటు నుంచీ ఇటు నుంచీ ఫొటోలు తీసి చర్చి గ్రూపులో పెట్టింది.

కయాక్‌లో కూర్చోవడం డానీకి నేర్పిందెవరు? జాక్సన్. గాలానికి ముడి వెయ్యడం? అదీ జాక్సనే. ఏడాది తిరక్కుండా వాడి చేపలే పెద్దవైపోయాయి. అత్తగారు దేవకుమారి ఫోన్ చేసినప్పుడల్లా, “మావోడి సెయ్యి మంచిది” అంటుంటే జాక్సన్‌కి ఒళ్లు మండిపోయేది. ఒక్కసారి దీనా ఫోన్లో తన చేప, తన మొహం ఉండాలి. అది చాలు అతనికి.

“అక్క డబ్బులు పంపింది బావా. మంచిదే కొనమంది.”

అదీ సంగతి! తను గదిలోకి రాగానే దీనా ఫోన్ పెట్టేస్తున్నది ఇందుకన్నమాట. మొగుడి చెయ్యి తెగితే గుడ్డముక్క, తమ్ముడికైతే కొత్త సామాను.

ఫక్రుద్దీన్ పొట్టి కొక్కెం ముందుకు జరిపాడు. “కయాక్‌కి ఇదే బాబూ. స్టెయిన్‌లెస్, ఉప్పునీళ్లకి ఏటీ అవదు. ఆ పొడుగుది బోటు మీద నిలబడేవోళ్లకి.”

నిజమే. ఆ నిజం జాక్సన్‌కి ఇంకా బాగా తెలుసు. స్టీల్‌ప్లాంటులో అతని ఉద్యోగమే అతుకులు పరీక్షించడం. పొడుగు కొక్కెం తళతళలాడుతోంది గానీ అదంతా పైపూత. కర్రకి కలిసే చోట వెల్డింగ్ ఏదో అంటించామంటే అంటించామన్నట్టుంది. పెద్ద చేప గట్టిగా విదిలిస్తే ఊడి వస్తుంది.

ఊడి వస్తే? చేతిదాకా వచ్చిన వంజరం డానీ కళ్లముందే జారిపోతుంది. ఆ ఊహకే జాక్సన్ ప్రాణానికి హాయిగా అనిపించింది.

“పొడుగుదే తీసుకో.”

ఫక్రుద్దీన్ తలెత్తాడు. “జాక్సన్ భాయ్, ఆ అతుకు సూసేవా...”

“అతుకుల సంగతి నాకు సెప్తావేటి భాయ్?” నవ్వాడు జాక్సన్. “రోజూ నాను సూసేవి అవే కదేటి.”

ఫక్రుద్దీన్ పొట్టి కొక్కెం వెనక్కి జరిపాడు.

“పొట్టిది వద్దంతావా?” అన్నాడు డానీ.

“సేప దూరంగా ఉండగానే అందుకోవచ్చు. నా మాట ఇను.”

“నువ్వైతే ఇదే కొంతావా బావా?”

“కళ్లు మూసుకొని కొంతాను.”

డానీ పొడుగు కొక్కెం అతని చేతికిచ్చాడు. “ఓపాలి పట్టు. పిడి నొప్పెడతందా?”

కట్టు చూసి వెటకారమాడుతున్నాడనుకున్నాడు జాక్సన్. ఆ చేత్తోనే కసిగా బిగించి పట్టి, “బెమ్మాండంగా ఉంది” అన్నాడు.

“బావ సెప్పేక తిరుగేటుంది! కట్టీ భాయ్,” అన్నాడు డానీ.

శనివారం తెల్లారేసరికి ఇద్దరూ రుషికొండ దగ్గర అలలు దాటి లోపలికి వెళ్లారు. ఎప్పుడూ దూరంగా పోయే జాక్సన్ ఆ రోజు డానీని విడిచిపెట్టలేదు. అతుకు ఊడే ముచ్చట దగ్గరుండి చూడాలి కదా! డానీ మోకాళ్ల ముందు పాత వలే ఉంది. వెనక మాత్రం గోనెగుడ్డలో చుట్టిన పొడుగాటిదేదో కట్టి ఉంది. దాచుకొని దాచుకొని తీస్తాడు కాబోలు అని పళ్లు కొరుక్కున్నాడు.

అంతలో జాక్సన్ గాలపు కర్రే విల్లులా వంగింది.

దారం బర్రుమని పోయింది. కయాక్‌ని ఈడ్చుకుపోయేంత బలం. లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. చివరికి నీళ్లలో వెండిలా మెరుస్తూ వంజరం పైకి తేలింది. అంత పెద్దది డానీ కూడా ఎప్పుడూ పట్టలేదు. దీనా ఫోన్లో ఈ చేప ఎలా ఉంటుందో జాక్సన్‌కి అప్పుడే కనిపించేసింది. కానీ పైకి తీసేదెలా? కట్టు ఉన్న చెయ్యి చాపబోయి, ఆ పళ్లు చూసి వెనక్కి తీసుకున్నాడు.

“డానీ! ఒరే, నీ వల ఇలా తే!”

“ఇందులో పట్టదు బావా! దారం వదలకు, వచ్చేత్తన్నాను!”

డానీ తెడ్డు గబగబా వేస్తూ వచ్చి పక్కన చేరాడు. గోనెగుడ్డ విప్పాడు. పొడుగు కొక్కెం ఎండలో తళుక్కుమంది. జాక్సన్ కళ్లు సూటిగా ఆ అతుకు మీదే పడ్డాయి. అవతల వంజరం బలం కూడదీసుకొని తోక విదిలిస్తోంది.

“రేపు పుట్టినరోజుదాకా ఆగమంది అక్క. తిడితే తిట్టనీ!” డానీ మొహమంతా నవ్వు. పిడి జాక్సన్ వైపు తిప్పి అందించాడు.

“అక్కా నానూ ఇది నీకోసమే కొన్నాం బావా.”