టేకు కోరిన ఎండ

ఏటి ఒడ్డున ఒత్తుగా పెరిగిన అడవిలో ఒక పడుచు టేకు చెట్టు ఉండేది. ఎప్పటికైనా సముద్రం మీద తిరిగే పడవ కావాలని దాని ఆశ. చుట్టూ ఉన్న చెట్లు తనకు ఎండ తగలనివ్వడం లేదని దాని కోపం.

ఒకరోజు అటు వచ్చిన ఏనుగును ఆపింది.

"ఏనుగు మామా, వీళ్ల మధ్య నాకు ఊపిరాడటం లేదు. వీళ్లని పడగొట్టెయ్యవా?"

"వీళ్లుండబట్టే నువ్వు నిటారుగా పైకి పోతున్నావు. ఆలోచించుకో," అంది ఏనుగు.

"ఆలోచించాను. కానివ్వు!"

ఏనుగు నుదురు ఆనించి తోసింది. వేళ్లు పెళపెళమని తెగాయి. పక్క చెట్లు ఒక్కొక్కటే కూలిపోయాయి. ఒంటి నిండా ఎండ పడేసరికి టేకు కాండం పొడవునా కొమ్మలు వేసి, లావెక్కి మురిసిపోయింది.

కొన్నేళ్లకు పెద్ద గాలివాన విరుచుకుపడింది. గాలికి అడ్డం లేదు, ఆనుకోవడానికి తోడు లేదు. టేకు వంగింది, మెలితిరిగింది. లోపలెక్కడో ఫట్‌మంది. గాలి తగ్గేదాకా వేళ్లు బిగించుకుని ఎలాగో నిలబడింది.

వాన వెలిశాక పడవలు చేసేవాళ్లు వచ్చారు. టేకు ఆశగా చూసింది. పెద్ద వడ్రంగి కాండం తడిమాడు, గొడ్డలి వెనకవైపుతో కొట్టి విన్నాడు.

"కొమ్మ ఉన్నచోటల్లా చెక్కలో ముడే. లోపల చీలిక కూడా ఉంది. పడవకు పనికిరాదు," అని, గుంపులో నిటారుగా పెరిగిన మరో టేకు వైపు నడిచాడు.

మర్నాడు ఏనుగు కనిపించింది.

"మామా, వాళ్లని మళ్లీ నిలబెట్టవా?" అని బతిమాలింది టేకు.

ఏనుగు తల దించుకుంది.

"నాకు పడగొట్టడమే వచ్చు," అంది.